ఆఖిన్‌లెక్ దిగ్విజయము

శ్రీమదట్లాంటికమహార్ణవసముద్భూతశీతలపవనపరంపరాప్రహారజర్జరితమైన రేకుల పందిరి కింద, కుడిచేత ఆవిరులు కక్కే బోవ్రిల్ అనే మాంసరసపు కప్పును, ఎడమచేత కొవ్వు కారే, పై అనే మాంసపు రొట్టెను ధరించి, కంఠసీమను పసుపునలుపుల మఫ్లరు అలంకరింపగా, వయోవృద్ధుడైన ఒక అభిమాని రిఫరీగారి వంశవృక్షాన్ని వేళ్ళదాకా తవ్విపోస్తుండగా మా కావ్యం ప్రారంభమవుతున్నది.

నాయకుడు ఆఖిన్‌లెక్ టాల్బట్ అనే జట్టు. ధీరోదాత్తుడు. పదకొండు శిరస్సులవాడు, అంటే దశకంఠుడికంటే ఒక తల ఎక్కువ. దేశం నైరుతి స్కాట్లండులోని ఎయిర్‌షైరు. కాలం 2018–19. ఇతివృత్తం పశ్చిమప్రాంత జూనియర్ ఫుట్‌బాల్ లీగులో ఒక సీజను. జూనియర్ అనగానే పాలబుగ్గల పసివాళ్ళని భ్రమపడవద్దు. వీరు గుబురుగడ్డాల వీరభటులు. శుక్రవారం దాకా ఇళ్ళకు పైకప్పులు వేసి, కరెంటు తీగలు లాగి, లారీలు తోలి, శనివారం మధ్యాహ్నానికి బూటులేసులు బిగించేవారు. పెద్ద లీగుల సామ్రాజ్యానికి వెలుపల, 1886లో పుట్టిన తమ సొంత సంఘం పాలనలో, సొంత కప్పులతో, సొంత కక్షలతో, ఎవరికీ కప్పం కట్టకుండా నూట ముప్పై ఏళ్ళకు పైగా వర్ధిల్లిన రాజ్యమది.

ప్రబంధమన్న తరువాత పదునెనిమిది వర్ణనలు పడాలని మన లాక్షణికులు శాసించి పోయారు. పురము, సముద్రము, పర్వతము, ఋతువులు, సూర్యచంద్రోదయాలు, ఉద్యానవనము, జలక్రీడ, మధుపానము, విరహము, వివాహము, కుమారోదయము, మంత్రాంగము, దూత, ప్రయాణము, యుద్ధము, ఇంకా అటువంటివి. ఏడంతస్తుల మేడలు, ఏనుగుల బారులు ఉన్న రాజులకు ఇదేమంత లెక్క? రెండు గోలుపోస్టులు, ఒక టీకొట్టు, ఒక రోలరు తప్ప ఆస్తిలేని నాయకుడిచేత పదునెనిమిదీ పలికించాలి. అక్కడ తెలుస్తుంది కవి దమ్ము. ఈ సీజను వాటిలో ఒకటి తక్కువగా అన్నీ పలికింది. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గిందో సమయం వచ్చినప్పుడు మనవి చేస్తాను.

ఆఖిన్‌లెక్ పురవరంబున ప్రాసాదములు లేవు, ప్రాకారములు లేవు. గనికార్మికుల కోసం వరుసగా కట్టిన ఇళ్ళు, నడుమన చర్చి, ఒక వైపు రైలుకట్ట. పర్వతములా? ఉన్నాయి. మేరువు, మందరము వంటివి కావు. తరతరాల గనివాళ్ళు భూగర్భంలోంచి బొగ్గు తోడుతూ పక్కన పారబోసిన రాతిబూడిద కుప్పలవి. దేవతలు సృష్టించిన కొండలు ఎక్కడైనా ఉంటాయి. మనుషులు పారలతో ఎత్తిన కొండలు ఎందరికున్నాయి? వాటి నడుమ 1989లో మూతబడ్డ బ్యారనీ గని తాలూకు ఇనుప శిఖరం నేటికీ కాళ్ళు చాపి నిలబడి ఉంది, దిగ్గజాలన్నీ వెళ్ళిపోయినా డ్యూటీ దిగని తొమ్మిదో దిగ్గజంలాగ.

ఊరి వెలుపల బాస్వెల్ వంశంవారి భవనం ఉంది. ఇంగ్లీషు పండితుడు శామ్యూల్ జాన్సన్ వెంట తిరుగుతూ ఆయన అన్నదీ తిన్నదీ పొల్లుపోకుండా గ్రంథస్థం చేసిన జేమ్స్ బాస్వెల్ ఆ వంశంవాడే. ఆ గుణం ఆ నేలదే కాబోలు. టాల్బట్ మొదటిసారి జూనియర్ కప్పు గెలిచిన 1949 నాటి సంగతులు, అప్పటికి తాము పుట్టకపోయినా సరే, కళ్ళారా చూసినట్టు చెప్పే పౌరాణికులు ఆ ఊరి పబ్బులో బల్లకొకరున్నారు. 1909లో జట్టు పుట్టినప్పుడు, మైదానం ఇప్పించిన టాల్బట్ ప్రభువు పేరునే దానికి పెట్టుకున్నారు. నేల ఇచ్చినవాడి పేరు నిలపడం మన అగ్రహారాల్లో ఎరగనిదేమీ కాదు.

ఇక ఉద్యానవనం. దాని పేరు బీచ్‌వుడ్ పార్కు. జూలైలో, సెక్షనల్ కప్పు పోటీలకు ముందు, దాన్ని చూడాలి. మరకతమణిప్రభాభాసురమైన ఆ గరికమీద మైదానపాలకుడొకడు తెల్లరంగు బండిని నెట్టుకుంటూ గీత గీస్తాడు. ఏమి ఆ ఏకాగ్రత! కళ్ళు ఎదురుగా ఉన్న కొయ్యమేకు మీద, నాలుక పెదవి మూలన, ఊపిరి బిగబట్టి, అడుగులో అడుగు వేస్తూ, లక్ష్మణస్వామి పర్ణశాల ముందు గీసిన గీత కూడా ఇంత వణుకు లేకుండా గీయలేదనిపించేలా సాగుతాడు. సరిగ్గా పెనాల్టీ పెట్టె మూల మలుపు తిరిగేచోట ఒక కుక్క అడ్డంగా పరుగెత్తి నాలుగు తెల్లని పాదముద్రలు వేసి పోతుంది. ఆ కుక్కను, దాని యజమానిని, యజమానికి ఓటుహక్కు ఇచ్చిన ప్రభుత్వాన్ని ఉద్దేశించి ఆయన పలికిన పలుకులు మహాకావ్యానికి తగినవే కాని, పత్రికకు తగవు.

అదే రాత్రి మంత్రాంగం. కమిటీ అను పేర ప్రసిద్ధులైన సచివపుంగవులు ప్లాస్టిక్ కుర్చీలమీద ఆసీనులై షాడ్గుణ్యాన్ని చర్చిస్తారు. గోలువల చిరుగును ఈ ఏడు కూడా సుతిలితో కుట్టించాలా, కొత్తది కొనాలా? స్నానాలగది బాయిలరు సంధికి వస్తుందా, విగ్రహానికి దిగుతుందా? హాఫ్‌టైము లాటరీ టిక్కెట్లు అమ్మేదెవరు? కోశాధికారి మౌనంగా వింటాడు. ఆయన మౌనం బృహస్పతి నీతికంటే గంభీరమైనది, ఎందుకంటే పెట్టెలో ఎంతుందో ఆయనకొక్కడికే తెలుసు. ఆ గది పక్క గదిలోనే వివాహాలు కూడా జరుగుతాయి. పొరుగు జట్టులో అలిగిన సెంటర్ ఫార్వర్డు తలవంచుకుని వస్తాడు, మేనేజరు చేయి పట్టుకుంటాడు, కాగితం మీద సంతకం పడుతుంది. అగ్నిసాక్షికి బదులు ఎలక్ట్రిక్ హీటరు.

యుద్ధానికి ముందు ప్రయాణం. అక్షౌహిణి ఒక బస్సులో పడుతుంది. సారథి ముందు సీట్లో, మేనేజరు వెనకనే, సంచిలో పద్నాలుగు బంతులు, మందుల పెట్టె, మంత్రపూతమైన స్పాంజి, వెనక సీట్ల నుంచి అష్టదిక్కులూ మారుమోగే పాటలు. వెళ్ళేచోట్ల పేర్లు చూడండి: కిల్‌విన్నింగ్ రేంజర్స్, కిల్‌బర్నీ లేడ్‌సైడ్, కిర్కిన్‌టిల్లాక్ రాబ్ రాయ్, లూగర్ బాస్వెల్ థిజిల్. మన ఆస్థానకవుల బిరుదావళి చదువుతున్నట్టు నోరు నిండిపోదూ! ఒక్క పశ్చిమప్రాంతంలోనే ఇటువంటి సామంతరాజ్యాలు అరవైకి పైగా ఉండేవి. ప్రతిదానికీ ఒక మైదానం, ప్రతి మైదానానికీ ఒక వంపు, ప్రతి వంపు మీదా పక్క ఊరివాళ్ళ ఫిర్యాదు.

బస్సు పడమటికి తిరిగితే సముద్ర వర్ణన. అక్కడ లార్గ్స్ అనే రేవు పట్టణం. 1263లో నార్వే రాజు హాకన్ నౌకాదళంతో వచ్చి స్కాట్లండు సేనతో తలపడింది ఆ ఒడ్డునే. చీకట్లో చప్పుడు కాకుండా చెప్పుల్లేకుండా నడిచివస్తున్న ఒక నార్వే సైనికుడు ముళ్ళమొక్క తొక్కి కెవ్వుమన్నాడనీ, ఆ కేకకే స్కాట్లండు శిబిరం మేలుకుందనీ అక్కడివారు చెప్పుకునే కథ. ఆ ముళ్ళమొక్క పేరే థిజిల్. ఆ ఊరి జట్టు లార్గ్స్ థిజిల్. పాఠకులు ఈ పేరు గుర్తుంచుకోవాలి. కావ్యం చివర ప్రతినాయకుడి అవసరం పడుతుంది.

ఇప్పుడు యుద్ధం. ఈ కవికి ఎన్ని యుద్ధాలైనా ఉన్నాయి కాని, వర్ణిస్తే కమ్‌నాక్‌తోనే యుద్ధాన్ని వర్ణించాలి. కమ్‌నాక్ రెండు మైళ్ళ దూరంలోని పట్టణం. కార్మికనాయకుడు కీర్ హార్డీ నివసించిన చోటు. ప్రపంచ కార్మికులందరూ ఏకం కావాలన్న మాట అక్కడ అందరికీ సమ్మతమే, ఆఖిన్‌లెక్ కార్మికులు మినహా. ఒకే బొగ్గుపొరను రెండు కొసల నుంచి తవ్విన తండ్రుల బిడ్డలు, ఒకే బడికి పోయినవారు, బావమరుదులు, వియ్యంకులు. కురుక్షేత్రానికి కావలసిన ముడిసరుకంతా ఉంది. అర్జునుడికి వచ్చిన విషాదయోగం మటుకు ఇక్కడ ఎవరికీ రాదు. ఎదురుగా ఉన్నది మేనమామ అని తెలిసిన కొద్దీ ట్యాకిల్‌లో బలం పెరుగుతుంది.

ఈల మోగింది. పసుపునలుపుల టాల్బట్ సేన ఒకవైపు, తెలుపునలుపు చారల కమ్‌నాక్ సేన ఒకవైపు. వెనకవరస మహారథుడొకడు, కుడ్యసన్నిభవక్షఃస్థలుడు, బంతిని చూశాడు. చూసి, దాన్ని అందంగా పక్కవాడికి అందించడమనే నీచమైన ఆలోచన రానివ్వక, కాలెత్తి, నింగి బద్దలయ్యేలా ఒక్క తన్ను తన్నాడు! లేచెను కందుకంబు. లేచి, రేకుల పందిరి దాటి, చర్చి గాలికోడిని పలకరించి, మేఘమండలంలోకి చొచ్చుకుపోయి, అక్కడ ఎయిర్‌షైరు వానను కొంత తాగి, బరువెక్కి, మనసు మార్చుకుని తిరుగుముఖం పట్టింది. కింద ఇరవైమంది మెడలు వెనక్కి వంచి, చాతకపక్షులవలె నోళ్ళు తెరిచి, ఒకరి భుజంమీద ఒకరు మోచేతులు ఆనించి ఎదురుచూస్తున్నారు. ఎంతసేపు! ఆ విరామంలో ఒక ముసలాయన పైని పూర్తిచేశాడు. బంతి దిగింది. టప్పుమని రెండు తలలు ఢీకొన్నాయి. బంతి ఎవరి తలకూ తగలక, మోకాలికి తగిలి, త్రోకు పోయింది. జనం చప్పట్లు కొట్టారు. కొట్టరా మరి? ఆకాశానికి పంపిన దూత క్షేమంగా తిరిగొచ్చాడాయె.

పిదప జలక్రీడ. ఇంద్రుడు నవంబరు నుంచి ఆ మైదానాన్ని అభిషేకిస్తూనే ఉంటాడు కనుక గోలు ముంగిట పచ్చిక ఉండదు, పద్మాకరం ఉంటుంది. అందులో పద్మాలు లేవు, వింగరు ఉన్నాడు. అతడు మెరుపులా దూసుకువస్తుండగా, ఎదుటి వెనకవాడు ఆరు గజాల దూరంలోనే నేలకు ఒరిగి, రెండు కాళ్ళూ చాచి, రాజహంసలాగ బురదమీద జారుకుంటూ వచ్చి బంతిని, వింగరును, కార్నరు జెండాను ఏకకాలంలో తనతో తీసుకుపోయాడు. లేచేసరికి ఇద్దరిలో ఎవరు ఏ జట్టో చెప్పగలవాడు లేడు. రిఫరీ గోధుమవర్ణ విగ్రహాన్ని ఒకదాన్ని ఎంచుకుని పసుపుకార్డు చూపాడు. కార్డూ వెంటనే గోధుమవర్ణమైంది.

హాఫ్‌టైము. ఇక్కడ కవి కొంచెం ఆగాలి, ఎందుకంటే ఆ పై సంగతి నాలుగు మాటల్లో తేల్చేది కాదు. స్కాచ్ పై అరచేయంత గుండ్రటిది. వేడినీళ్ళు పోసి కలిపిన పిండితో కట్టిన కోటగోడ, లోపల మిరియాల ఘాటు తగిలే గొర్రెమాంసపు కైమా, పైన మూత. మూత గోడ అంచుకు కాస్త కిందగా ఉంటుంది. అందువల్ల చుట్టూ చిన్న పిట్టగోడ మిగులుతుంది. మూత నడుమ ఆవిరి పోయేందుకు ఒక రంధ్రం. టీకొట్టు కిటికీలోంచి అన్నపూర్ణాదేవి వంటి ఇల్లాలు దాన్ని రుమాలు కాగితంలో పెట్టి అందిస్తుంది. అందుకున్నవాడు మొదటి కాటు ఎక్కడ వేయాలన్నది అతడి కులశీలాలను తెలిపే విషయం. పిట్టగోడ మీద వేస్తే అనుభవజ్ఞుడు. నేరుగా నడుమ వేస్తే లావా వంటి రసం రంధ్రంలోంచి ఎగజిమ్మి, చుబుకం మీదుగా, మఫ్లరు మీదుగా, చొక్కా మూడో గుండీ వరకు పాదయాత్ర చేస్తుంది. ఆ వేళ ఆ మనిషి నాలుక కాలి, కళ్ళు చెమర్చి, ఒక్క కాలిమీద గెంతుతూ కూడా పైని వదలడు. కర్ణుడు కవచకుండలాలనైనా ఒలిచి ఇచ్చాడు కాని, ఇతడు ఇవ్వడు. మధుపాన వర్ణన ఇంతటితో కలిపేసుకోండి. ఆట అయ్యాక క్లబ్బులో జరిగేదాన్ని వర్ణిస్తే గ్రంథవిస్తరభీతి.

డిసెంబరు వచ్చింది. విరహం మొదలైంది. సూర్యభగవానుడు పొద్దున ఆలస్యంగా వచ్చి సాయంత్రం నాలుగు కాకుండానే వెళ్ళిపోయే సర్కారు గుమాస్తాలాగ ప్రవర్తిస్తాడు కనుక ఆట మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతానికే మొదలుపెట్టాలి. దానికీ వాన ఒప్పుకోవాలి. శనివారం ఉదయం రిఫరీ వస్తాడు. గొడుగు, బూట్లు, చంకలో బంతి. కమిటీ అంతా ఆయన వెనక జ్యోతిష్కుడి వెంట పెళ్ళివారిలా నడుస్తుంది. మధ్యగీత దగ్గర ఆయన ఆగుతాడు. బంతిని భుజమెత్తుకు ఎత్తుతాడు. వదులుతాడు. అది ఎగరాలి. ఎగరాలని కమిటీ కులదేవతలందరికీ మొక్కుతుంది. బంతి నేలను తాకి, చెప్పకుండా పుట్టింటికి చేరిన కూతురిలాగ అక్కడే కూర్చుండిపోతుంది. రిఫరీ తల అడ్డంగా ఊపుతాడు. అంతే. గేటుకు అట్టముక్క వేలాడుతుంది. అది చూసి ఊరంతా ఊర్మిళలైపోతారు. పెళ్ళాలతో పాటు సూపర్‌మార్కెట్టుకు పోవలసిన శిక్ష ఆ మధ్యాహ్నం ఎందరికి పడుతుందో, వారి నిట్టూర్పులకు కొబ్బరిబిస్కెట్ల అర ఎలా ఆవిరిపట్టిపోతుందో వర్ణించ శేషుడికీ తరం కాదు.

అయితే 2019 జనవరి 19న బంతి ఎగిరింది.

దీనికి పూర్వకథ ఉంది. జూనియర్లను దేశపు అసలు స్కాటిష్ కప్పులోకి 2007–08 దాకా రానివ్వలేదు. ఆ తరువాత కూడా రాజసూయంలో సామంతులకు వేసిన పీటల్లాగ నాలుగే నాలుగు చోట్లతో మొదలుపెట్టారు. టాల్బట్ ఆ పీట మీద కూర్చుని, ఒక్కొక్క గెలుపుతో ముందుకు జరిగి, నాలుగో రౌండులో ఎయిర్ యునైటెడ్‌ను ఎదుర్కొంది. ఎయిర్ అంటే ఆ జిల్లాకే పేరిచ్చిన పట్టణం, దేశంలో రెండో శ్రేణి లీగు జట్టు. ఆ రాజుగారు బీచ్‌వుడ్ పార్కుకే రావలసి వచ్చింది. ఆ వంపు, ఆ బురద, ఆ పైల ఆవిరి, ఆ వృద్ధాభిమాని వంశవృక్ష పరిశోధన అన్నిటినీ స్వయంగా దర్శించవలసి వచ్చింది. మొదటి సగం గడిచింది. రెండో సగం గడుస్తోంది. గడియారం ముల్లు భీష్ముడి అంపశయ్య మీది బాణంలా కదలక మెదలక నిలిచింది. అప్పుడు క్రెయిగ్ మెక్రాకెన్ అను వెనకవరస వీరుడు, వాయునందనుడు లంకకు లంఘించినట్లు గాలిలోకి లేచి, తలతో మోదాడు. బంతి వలలో పడింది. వల, కమిటీ కుట్టించిన చిరుగుతో సహా, ఉప్పొంగింది. 1–0!

తరువాతి క్షణాన్ని ఏమని చెప్పను? పందిరి రేకులు సామవేదం పలికాయి. అపరిచితులు ఆలింగనం చేసుకున్నారు. ముప్పై ఏళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు ఒకరి నెత్తిమీద మరొకరు బోవ్రిల్ ఒలకబోసుకుని అలక తీర్చుకున్నారని కవిసమయం. ప్రబంధంలో శృంగారఘట్టం ఏదని అడిగే రసికులకు సమాధానం కూడా ఇదే. గోలు కొట్టినవాడిని పదిమంది కింద పడేసి కావలించుకున్న ఆ గుట్టకంటే గాఢమైన పరిష్వంగం ఏ కావ్యంలోనూ లేదు.

తరువాతి రౌండులో ఎడిన్‌బరో రాజధాని జట్టు హార్ట్స్ చేతిలో 4–0. ఉత్తమ కవులు ఇటువంటివాటిని ఒక్క వాక్యంలో దాటిపోతారు.

దూత ఒకడు మిగిలాడు. అతడు వాన కోటు వేసుకుని, ఎవరితోనూ మాట్లాడక, కార్నరు జెండా పక్కన నిలబడి చిన్న పుస్తకంలో రాసుకుంటుంటాడు. పెద్ద క్లబ్బు పంపిన వేగు. అతడి పెన్సిలు కదిలితే ఏదో ఇంట్లో కుమారోదయం జరిగినట్టే. ఈ బురదలో మొలిచిన కొడుకులు తక్కువవారా? సమీపంలోని గ్లెన్‌బక్ అనే గనిపల్లెలో పుట్టిన బిల్ షాంక్లీ క్రాన్‌బెరీ ఎగ్లింటన్ అనే జూనియర్ జట్టులో ఆడి, 1932లో ఇంగ్లండు బాట పట్టి, కాలక్రమాన లివర్‌పూల్‌కు చక్రవర్తి అయ్యాడు. వాళ్ళ అన్నదమ్ములు అయిదుగురూ వృత్తి ఆటగాళ్ళే. పాండవులకంటే ఒక్కరూ తగ్గలేదు. మాంచెస్టర్ యునైటెడ్‌ను నిలబెట్టిన మాట్ బజ్బీ డెన్నీ హిబ్స్‌లో, సెల్టిక్‌కు యూరపు కిరీటం పెట్టిన జాక్ స్టీన్ బ్లాంటైర్ విక్టోరియాలో జూనియర్లే. వాళ్ళు ఆడిన పచ్చిక మీద ఇప్పుడు పరుగెత్తేవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు. పక్కనున్న ముసలాయన తెలియనివ్వకుండా ఉంచడు.

వసంతం వచ్చేసరికి వానవల్ల ఆగిన ఆటలన్నీ అప్పుల్లా పేరుకున్నాయి. సోమవారం, బుధవారం, శుక్రవారం, మళ్ళీ శనివారం. పగలంతా తాపీపని చేసి, సాయంత్రం రెండో యుద్ధం. మే నెలలో ఆ అక్షాంశంలో రాత్రి తొమ్మిదయినా వెలుతురు పోదు గనుక సరిపోయింది, లేకపోతే అప్పట్లో చాలా మైదానాలకు దీపస్తంభాలే ఉండేవి కావు. ఇందులో ఒక విధివైపరీత్యం ఉంది. గ్యాసుదీపాన్ని లోకానికి ఇచ్చిన విలియం మర్డాక్ 1754లో పుట్టింది అక్కడే, కమ్‌నాక్ పక్కన లూగర్‌లో. ప్రపంచానికంతా దీపం పెట్టిన ఊళ్ళో బంతికి దీపం లేకపోయింది. నేను మొదట బాకీ చెప్పిన పదునెనిమిదోది ఇదే, చంద్రోదయం. చీకటి పడితే ఆట ఉండదు, ఆట ఉన్నంతసేపూ చీకటి పడదు. చంద్రుడు ఎప్పుడు వచ్చినా మైదానం ఖాళీగా ఉంది. లాక్షణికులు క్షమించాలి.

ఇక నాయకాభ్యుదయం. జూనియర్ కప్పు అంటే వారికి సాక్షాత్తు పట్టాభిషేకం. 1951లో పీటర్స్‌హిల్, అర్విన్ మెడో జట్ల ఫైనల్ చూడడానికి గ్లాస్గో హాంప్‌డెన్ పార్కుకు 77,650 మంది తరలివెళ్ళారు. అంత జనం ఇప్పుడు రారు, వచ్చినవారి గొంతు మాత్రం ఆనాటిదే. 2019 ఫైనల్లో టాల్బట్ ఎదురుగా నిలిచింది ఎవరు? ముళ్ళమొక్క! లార్గ్స్ థిజిల్. నార్వే రాజును ఒడ్డునే నిలిపిన ఆ ముల్లు, గనివాళ్ళ బూటు అడుగు దాటలేకపోయింది. అసలే గనిబూట్లు, పైగా ఇనుప మొలలు. అంతకు ముందటి ఏడు గెలిచిన కప్పును టాల్బట్ మళ్ళీ ఇంటికి పట్టుకుపోయింది. ఆ కప్పును వారికంటే ఎక్కువసార్లు ఎత్తినవారు లేరు. దాన్ని తళతళలాడించే పని ఆ ఊళ్ళో దాదాపు వంశపారంపర్య వృత్తి. రాజవీథిలో ఊరేగింపు వెళ్ళింది. మేడలమీద నుంచి పురకాంతలు లాజలు చల్లాలి కదా, మేడలు లేవు, లాజలు లేవు. ఒక పెద్దావిడ కిటికీలోంచి తలపెట్టి, ఇంట్లో పాపాయి పడుకుందని గట్టిగా చెప్పింది. పిల్లకూడా లేచి చూసింది.

దాని తరువాతి సీజను 2020 మార్చిలో కరోనావల్ల నడుమనే ఆగింది. అదే ఏడు పశ్చిమప్రాంత జూనియర్లు 63 జట్లూ కట్టగట్టుకుని కొత్తగా ఏర్పడ్డ వెస్ట్ ఆఫ్ స్కాట్లండ్ లీగులోకి నడిచిపోయాయి. అంచేత పాత లీగు చివరిదాకా ఆడిన ఆఖరి సీజను మా కావ్యవస్తువే అయింది. కొత్త లీగులో నిచ్చెన ఉంది. ఎక్కినవాడు మెట్టు మెట్టుగా దేశపు పెద్ద లీగు దాకా పోవచ్చు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ పుట్టిన డార్వెల్ గ్రామంవాళ్ళు 2023 జనవరి 23న, ఆరో శ్రేణి నుంచి, స్కాటిష్ కప్పులో అబర్‌డీన్ మహానగరాన్ని 1–0తో పడగొట్టారు. అది వేరే కవికి దక్కవలసిన వస్తువు. పూనుకునేవాడెవరైనా ఉంటే ముందుగా అక్కడి టీకొట్టులో పై రుచి చూసి, కాటు పిట్టగోడ మీద వేసి, తరువాత కలం పట్టవలసింది.